బంగాళాఖాతం అడుగున చెవులు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

డిసెంబరు 26న, సునామీ వచ్చిన రోజును గుర్తుచేస్తూ మీ పత్రిక ప్రత్యేక పుటలో ప్రచురించిన వ్యాసాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివాను. ఒక భూఫలకం మరో ఫలకం కిందికి దూరుతున్న సబ్‌డక్షన్ జోన్ల లోపలి అమరికను, ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీసినట్టుగా, భూకంప తరంగాలతో చిత్రించవచ్చునని వ్యాసకర్త వివరించారు. చెప్పిన విషయం నిజం. ఇలాంటి విషయానికి ఒక తెలుగు పత్రిక అరపుట కేటాయించినందుకు సంతోషించాను కూడా. అయితే పైన పెట్టిన శీర్షిక చూసినవారికి, ఇకమీదట భూకంపం ఎప్పుడు వస్తుందో ముందే చెప్పేస్తారన్న అభిప్రాయం కలిగింది. మా వీధిలో మీ పత్రిక తెప్పించుకునేవారే ఇద్దరు నన్ను ఆ మాట అడిగారు. వారికి నోటితో చెప్పిన సమాధానాన్నే, మీరు అనుమతిస్తే, మిగిలిన పాఠకులకు కూడా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరం పొడవైనందుకు మన్నించండి. కత్తిరించవలసి వస్తే అండమాన్ గురించి రాసిన భాగాన్ని మాత్రం ఉంచమని మనవి.

నాది నెల్లూరు జిల్లా. ముప్పై ఏళ్లకు పైగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాను. చమురు, సహజవాయువు నిక్షేపాల కోసం సముద్రం అడుగును సర్వే చేసే ఓడల మీద అబ్జర్వరుగా, అంటే తరంగాల నమోదును రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే ఉద్యోగిగా పనిచేసి విరమించాను. పరిశోధన నా వృత్తి కాదు. కానీ నేల లోపలికి ఒక శబ్దాన్ని పంపి, అది తిరిగి వచ్చేవరకు కాచుకుని కూర్చునే పనిలోనే నా ఉద్యోగకాలమంతా గడిచింది గనుక, ఆ పద్ధతి ఎంతవరకు చూడగలదో, ఎక్కడ దాని చూపు ఆగిపోతుందో నాకు తెలుసునని నమ్మకంగా చెప్పగలను.

2004 డిసెంబరు 26 ఆదివారం నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. ఉదయం ఆరున్నర దాటాక వంటింట్లో కొక్కేలకు తగిలించిన గరిటెలు ఒకదానికొకటి తగులుతూ సన్నగా మోగాయి. "ఏమండీ, భూకంపమా?" అని మా ఆవిడ అడిగితే, "ఎక్కడో చాలా దూరాన వచ్చి ఉంటుంది, మనకేమీ కాదులే" అన్నాను. తొమ్మిది గంటల ప్రాంతంలో సముద్రం మెరీనా ఇసుకను ముంచేసి రోడ్డు మీదికి వచ్చింది. ఉదయపు నడకకు వెళ్లినవారు, క్రికెట్ ఆడుకుంటున్న పిల్లలు, పడవల దగ్గర వలలు సర్దుకుంటున్న జాలరులు ఆ నీటిలో కొట్టుకుపోయారు. గరిటెలు మోగినప్పటికీ నీరు వచ్చినప్పటికీ మధ్య రెండున్నర గంటల వ్యవధి ఉంది. తరంగం ఎంతసేపటికి ఎంత దూరం పోతుందో లెక్కగట్టడమే జీతంగా బతికిన నాకు, లోతైన సముద్రంలో గంటకు 600 కిలోమీటర్లకు పైగా వేగంతో సునామీ నడుస్తుందని పుస్తకంలో చదివి ఉన్న నాకు, ఆ రెండున్నర గంటల్లో ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు. ఈ విషయాన్ని ఇంత పట్టుదలగా రాయడానికి అది ఒక కారణం.

ఆ రోజు సుమత్రా ఉత్తర కొస దగ్గర మొదలైన చీలిక నికోబార్, అండమాన్ దీవుల కిందుగా ఉత్తరానికి దాదాపు 1300 కిలోమీటర్ల పొడవున సాగింది. అంత పొడవూ చీలడానికి ఎనిమిది నుంచి పది నిమిషాలు పట్టింది. పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం మొదటి ప్రకటనలో దాని తీవ్రతను 8.0 అని అంచనా వేసి, గంట తరువాత 8.5కు పెంచింది, చివరకు అది 9.1గా స్థిరపడింది. ఆ తరువాత, 2005లో, ఆ చీలిక ఎలా సాగిందో జపాన్‌లోని హై-నెట్ అనే వందలాది భూకంప పరిశీలన కేంద్రాల నమోదులతో నిమిష నిమిషం వెనక్కి గీసి చూపిన చిత్రం వెలువడింది. వేల కిలోమీటర్ల దూరాన, ఎవరూ చూడని సముద్రం కింద నేల చీలుకుంటూ పోయిన తీరును తరంగాలే చెప్పాయి. చీలిక ఉత్తర దక్షిణాలుగా సాగింది గనుక సునామీ శక్తి ప్రధానంగా తూర్పు పడమరలకు పోయింది. అందుకే ఉత్తరాన దగ్గరగా ఉన్న బంగ్లాదేశ్‌ చాలావరకు తప్పించుకుంది. దూరాన ఉన్న నాగపట్నం, చెన్నై, శ్రీలంక తీరాలు దెబ్బతిన్నాయి. ఆంధ్ర తీరంలోనూ వందకు పైగా ప్రాణాలు పోయాయి. సముద్రం కింద చీలిక ఏ దిక్కున, ఏ వాలున ఉందన్న విషయానికీ మన పల్లెకారుల ప్రాణాలకూ ఉన్న సంబంధం ఇదే.

భూకంపం వచ్చినప్పుడు దాని నాభి నుంచి, అంటే నేల లోపల అది మొదలైన చోటు నుంచి, రెండు రకాల తరంగాలు భూమి లోపలి గుండా బయలుదేరతాయి. రాతిని నొక్కుతూ, వదులుతూ సాగేవి పీ తరంగాలు. అడ్డంగా ఊపుతూ సాగేవి ఎస్ తరంగాలు. పీ తరంగం గట్టి రాతిలో సెకనుకు 6 నుంచి 8 కిలోమీటర్లు పోతుంది. ఎస్ తరంగం వేగం అందులో సగానికి కొంచెం ఎక్కువ. పైగా అది ద్రవంలో నుంచి పోలేదు. రాయి చల్లగా ఉంటే రెండింటి వేగమూ పెరుగుతుంది. వేడెక్కినా, నీరు పట్టినా, కొంత కరిగినా తగ్గుతుంది. చిత్రమంతా ఈ చిన్న తేడాల మీదే ఆధారపడి ఉంటుంది.

పెరంబూరువాడిని గనుక దీన్ని రైళ్లతో చెబుతాను. విజయవాడ నుంచి చెన్నై సెంట్రల్‌కు వచ్చే బండి గంట ఆలస్యంగా వచ్చిందనుకుందాం. ఎక్కడ ఆగిపోయిందో ఆ ఒక్క బండిని చూసి చెప్పలేం. అదే దారిలో నెల్లూరులో బయలుదేరిన బండి వేళకు వచ్చిందని తెలిస్తే, ఆలస్యం నెల్లూరుకు అవతల జరిగిందని తేలుతుంది. ఒంగోలులో బయలుదేరినదీ వేళకే వస్తే, ఒంగోలుకు అవతల. గుంటూరు వైపు నుంచి వచ్చి తెనాలిలో కలిసే బండి కూడా వేళకు వచ్చిందంటే, విజయవాడకూ తెనాలికీ మధ్యనే ఏదో జరిగిందని, పట్టాల మీదికి వెళ్లకుండానే, సెంట్రల్ ప్లాట్‌ఫారం మీద కూర్చున్న మనిషి చెప్పగలడు. తరంగాలతో భూమి లోపలి చిత్రం గీసే ఈ విద్యలో, అంటే టోమోగ్రఫీలో, చేసేది ఈ లెక్కే. అక్కడ బండ్లు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. దారులు అన్ని దిక్కుల నుంచీ వచ్చి ఒకదానినొకటి కోసుకుంటూ పోతాయి. భూకంప శాస్త్రవేత్త కెయిటీ అకి, ఆయన సహచరులు ఈ లెక్కకు ఒక రూపం ఇచ్చినది 1970ల రెండో సగంలో. ఆస్పత్రుల్లో సీటీ స్కాన్ వాడుకలోకి వచ్చినదీ ఆ దశాబ్దంలోనే.

తేడా ఎంత సన్ననిదో ఒక ఉదాహరణ. సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో వచ్చే తరంగానికి 400 కిలోమీటర్ల దారిలో 50 సెకన్లు పడుతుంది. ఆ దారిలో సగభాగం, చుట్టూ ఉన్న రాతికన్నా చల్లగా ఉన్న దిగుడు ఫలకం గుండా పోయి, అక్కడ వేగం 4 శాతం పెరిగిందనుకుంటే, తరంగం దాదాపు ఒక్క సెకను ముందుగా చేరుతుంది. ఆ ఒక్క సెకనును పట్టుకోవాలంటే భూకంపం ఎక్కడ, ఎప్పుడు మొదలైందో కచ్చితంగా తెలియాలి; గడియారాలన్నీ ఒక్క తీరుగా నడవాలి; అన్నిటికీ మించి, అదే చోటును వేరే దిక్కు నుంచి కోసుకుంటూ పోయే తరంగాలు దొరకాలి. దారులు కోసుకోని చోట చిత్రం సాగదీసినట్టు మసకబారుతుంది, ఉన్నది ఒకచోట అయితే మరోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. మీ వ్యాసంలో ఈ మాట లేకపోవడం పెద్ద లోటని నా అభిప్రాయం. రంగుల పటం అచ్చులో చూసినప్పుడు అన్ని చోట్లా ఒకే నమ్మకంతో గీసినట్టు ఉంటుంది. నిజానికి అందులో కొన్ని భాగాలు గట్టి ఆధారంతో గీసినవి, కొన్ని పక్క ఆధారాలను బట్టి పూడ్చినవి.

ఈ విద్యకు మన దేశంతో ఉన్న బంధాన్ని కూడా పాఠకులు తెలుసుకోవడం మంచిది. 1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమిని కుదిపేసిన పెద్ద భూకంపాన్ని భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో ఉన్న రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ పరిశీలించారు. దూరదేశాల యంత్రాల్లో నమోదైన గీతల్లో మూడు రకాల తరంగాలు విడివిడిగా వస్తున్నాయని గుర్తించారు. 1906లో, భూమికి వేరుగా ఒక కేంద్రమండలం ఉందని తరంగాల ఆలస్యాన్ని బట్టే వాదించారు. తరువాత జపాన్‌లో కియో వదాటి, అమెరికాలో హ్యూగో బెనియాఫ్, సముద్ర కందకాల నుంచి దూరం పోయేకొద్దీ భూకంపాల నాభులు క్రమంగా లోతుకు దిగుతూ, కొన్నిచోట్ల 700 కిలోమీటర్ల దాకా పోతాయని చూపారు. అండమాన్ కింద కూడా తూర్పుకు పోయేకొద్దీ నాభులు లోతుకు దిగుతాయి. భారత ఫలకం అటువైపు వంగి కిందికి దిగుతోందనడానికి అది మొదటి సాక్ష్యం.

ఇక నా పని సంగతి. భూకంపం వచ్చేదాకా ఆగకుండా మనమే చిన్న తరంగాన్ని పుట్టించి పంపడం రెండో పద్ధతి. ఓడ వెనుక ఆరు, ఎనిమిది కిలోమీటర్ల పొడవున స్ట్రీమరు అనే గొట్టం నీటిలో కొన్ని మీటర్ల లోతున సాగుతూ ఉంటుంది. అందులో పన్నెండున్నర మీటర్లకొకటి చొప్పున హైడ్రోఫోన్ల, అంటే నీటిలో వినే మైకుల, గుంపులు ఉంటాయి. ఓడకు దగ్గరలో వేలాడే ఎయిర్ గన్నులు, బిగించి ఉంచిన గాలిని ఒక్కసారిగా నీటిలోకి వదులుతాయి. పది సెకన్లకోసారి ఆ దెబ్బ ఓడ అడుగు నుంచి మంచం దాకా తెలుస్తుంది. కొత్తగా చేరినవారికి వారం రోజులు నిద్ర పట్టదు, తరువాత అది ఆగిపోతే మెలకువ వస్తుంది. మూడు కిలోమీటర్ల లోతున్న నీటిలో ఆ శబ్దం అడుగుకు పోయి తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ తరువాత, ఒండ్రు పొర మీద పొర, ఒక్కొక్కటీ తన వంతు ప్రతిధ్వనిని పంపుతుంది. ఎనిమిదో సెకను దగ్గర మళ్లీ ఒక బలమైన గీత కనిపిస్తుంది. తెలియనివారు దాన్ని లోతున ఉన్న గట్టి రాయి అనుకుంటారు. అది నీటి మట్టానికీ అడుగుకూ మధ్య రెండోసారి తిరిగి వచ్చిన అదే శబ్దం. మా వాడుకలో మల్టిపుల్. దాన్ని తీసివేయకుండా గీసిన చిత్రంలో లేని పొర ఉన్నట్టు కనిపిస్తుంది. చిత్రం తయారుకావడానికి ఓడ మీద గడిపిన నెలల కన్నా, ఒడ్డున కంప్యూటర్ల ముందు ఈ దొంగ గీతలను ఏరివేయడానికి పట్టే నెలలే ఎక్కువ.

సబ్‌డక్షన్ జోన్ల మీద ఇలాంటి ఓడ నడిస్తే, కిందికి దిగుతున్న ఫలకం పై ముఖం ఒక ఏటవాలు గీతగా, దాని మీద నలిగి ముడతలు పడిన ఒండ్రు ఒక గుట్టగా, పది పన్నెండు కిలోమీటర్ల లోతు వరకు, అనుకూలిస్తే ఇంకా కిందికి కనిపిస్తుంది. అంతకన్నా లోతు కావాలంటే ఓబీఎస్‌లు దించాలి. అవి సముద్రం అడుగున కూర్చుని వినే పెట్టెలు. బరువు కట్టి వదిలితే మునిగి అడుగుకు చేరతాయి. పని అయ్యాక పైనుంచి శబ్ద సంకేతం పంపితే బరువును వదిలేసి తేలుతాయి. చీకట్లో అలల మధ్య మినుకుమినుకుమనే దాని దీపం కనిపించే క్షణం కోసం డెక్కు మీద ఎదురుచూసిన రాత్రులను నేను మరిచిపోలేను. కొన్ని తేలవు. ఏడాది పాటు అది విన్నదంతా దానితోపాటే అడుగున ఉండిపోతుంది.

ఒక రాత్రి జరిగిన సంగతి చెప్పాలి. బంగాళాఖాతంలో ఒక లైను, అంటే ఓడ నేరుగా నడుస్తూ సర్వే చేసే దారి, మధ్యలో ఉండగా, తెర మీద అన్ని హైడ్రోఫోన్ల ఛానళ్లలోనూ దాదాపు ఒకేసారి ఒక మోత కమ్ముకుంది. మా గన్ను శబ్దమైతే ఓడకు దగ్గరున్న హైడ్రోఫోన్‌కు ముందు, చివరిదానికి చివర చేరుతుంది గనుక గీత వంపుగా రావాలి. ఇది అలా లేదు. నెమ్మదిగా పెరిగి, మూడు నిమిషాలు ఉండి, నెమ్మదిగా తగ్గింది. దగ్గరలో మరో ఓడ లేదు, సముద్రం నిలకడగా ఉంది. లాగ్ పుస్తకంలో "బయటి శబ్దం" అని రాసి, ఆ షాట్లన్నిటినీ, అంటే ఆ సమయంలో గన్ను కొట్టిన దెబ్బల నమోదులను, పనికిరానివిగా గుర్తించాను. మరునాడు ఆ భాగాన్ని మళ్లీ తీశాం. పాత టేపును, అప్పటి అలవాటు ప్రకారం, నేను పనిచేసిన సంస్థ చెరిపి మళ్లీ వాడుకుంది. ఎక్కడో దూరాన సముద్రం కింద వచ్చిన భూకంపం తాలూకు ధ్వని నీటిలో ప్రయాణించి మా స్ట్రీమరును దాటిపోతే సరిగ్గా అలాంటి నమోదే వస్తుందని, విరమించిన తరువాత చదువుకున్నప్పుడు తెలిసింది. నాకు చెత్తగా కనిపించినదాని కోసమే ఇంకొకరు ఎదురుచూస్తూ ఉంటారని ఆనాడు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడైతే, భూకంపమే లేని వేళల్లో అలలు నేలను సన్నగా తడుతూ పుట్టించే నిరంతరపు రొదను కూడా రెండు కేంద్రాల మధ్య పోల్చి చూసి చిత్రాలు తీస్తున్నారు. 2005 నుంచి ఆ పద్ధతి స్థిరపడింది. రుతుపవనాల కాలంలో బంగాళాఖాతానికి అలాంటి రొదకు కొదవ ఉండదు.

ఈ చిత్రాల వల్ల తెలిసినవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది నీటి సంగతి. సముద్రపు ఫలకం దిగేటప్పుడు తనతోపాటు ఒండ్రులో, ఖనిజాల్లో ఇమిడిన నీటిని కూడా లోపలికి తీసుకుపోతుంది. లోతున వేడికి, ఒత్తిడికి ఆ నీరు విడివడుతుంది. పైనున్న వేడి రాతిలోకి చేరి దాన్ని కరిగించడం వల్లనే అగ్నిపర్వతాలు పుడతాయి. అండమాన్ సముద్రంలోని మన బారెన్ దీవి అలా పుట్టినదే. రెండు ఫలకాలు రాసుకునే ముఖం దగ్గర ఆ నీరు చిక్కుకుపోతే అక్కడ ఎస్ తరంగాల వేగం బాగా పడిపోతుంది. జపాన్ దక్షిణాన నాన్‌కై కందకం దగ్గర, ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో కాస్కేడియా దగ్గర ఇలాంటి పొరలను చూశారు. కాస్కేడియాలో 1700 జనవరి 26 తరువాత పెద్ద భూకంపం రాలేదు. కానీ లోతున, దాదాపు పద్నాలుగు నెలలకోసారి, ఎవరికీ తెలియకుండా ఫలకాలు కొన్ని వారాలపాటు నెమ్మదిగా జారుతాయి. ఆ జారుడుతో పాటు వచ్చే సన్నని వణుకు, నీరు పట్టిన ఆ పొర దగ్గరే పుడుతున్నట్టు కనిపిస్తోంది. ఎక్కడ ముఖం బిగిసి ఉంది, ఎక్కడ జారుతోంది అన్నది తెలిస్తే, బిగిసిన భాగం ఒక్కసారిగా వదిలితే ఎంత పెద్ద భూకంపం రాగలదో పరిమితి చెప్పవచ్చు. ఎప్పుడు వదులుతుందో మాత్రం ఈ చిత్రం చెప్పదు. ఎక్స్‌రేలో ఎముకకు బీట కనిపిస్తే, ఆ మనిషి ఏ రోజు జారి పడతాడో డాక్టరు చెప్పలేడు గదా.

పరిమితి చెప్పడం కూడా తేలిక కాదు. తోహోకు భూకంపం, సునామీ వచ్చిన 2011 మార్చి 11కు ముందు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ యంత్రాలున్న దేశం జపాన్. అయినా కందకం అంచున, మెత్తని ఒండ్రు కింద ఉన్న ముఖం అంత భారీగా జారుతుందని చాలామంది అనుకోలేదు. అది 50 మీటర్లకు పైగా జారింది. మరుసటి ఏడాది చిక్యూ అనే ఓడ, ప్రతిధ్వని చిత్రాలు చూపిన చోటనే, దాదాపు 6,900 మీటర్ల నీటి కింద నేలలోకి మరో 800 మీటర్లకు పైగా తవ్వి, ఆ జారిన ముఖంలో కొన్ని మీటర్ల మందం కూడా లేని బంకమట్టి పొరను పైకి తెచ్చింది. జపాన్ అక్కడితో ఆగలేదు. 150 పరిశీలన కేంద్రాలను, దాదాపు 5,500 కిలోమీటర్ల కేబుల్‌తో కలిపి, ఆ కందకం పొడవునా సముద్రం అడుగున పరిచింది.

మన అండమాన్ సంగతికి వస్తాను. అక్కడ భూకంప పరిశీలన కేంద్రాలు దీవుల మీద ఉన్నాయి. దీవులేమో ఉత్తర దక్షిణాలుగా ఒకే వరుసలో ఉన్నాయి. రెండు ఫలకాలు మొదట కలుసుకునే కందకం ఆ వరుసకు పడమరన, నీటి కింద ఉంది. అంటే సునామీని పుట్టించే ముఖం పై భాగం, మనకు అన్నిటికన్నా తెలియవలసిన భాగం, కేంద్రాల వరుసకు బయట పడుతోంది. పైన చెప్పిన రైళ్ల లెక్కలో, బండ్లన్నీ ఒకే వైపు నుంచి వస్తున్నట్టే ఇది. దానికి తోడు గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చిన ఒండ్రు, సముద్రపు ఒండ్రు మేటల్లో ప్రపంచంలోనే పెద్దదైన బెంగాల్ ఫ్యాన్, కొన్ని కిలోమీటర్ల మందాన ఆ కందకంలోకి దూరుతోంది. అండమాన్ దీవుల నేలలో చాలా భాగం అలా గీరుకుని పోగుపడిన పాత సముద్రపు ఒండ్రే. అంత మందమైన ఒండ్రు కింద ఫలకం ముఖం ఎలా ఉందో ఒడ్డున ఉన్న యంత్రాలతో తేటగా చూడడం కష్టం. దాని పైనే కూర్చుని వినాలి.

ఇది తెలియడం వల్ల ప్రయోజనం ఏమిటని అడిగేవారికి 2012 ఏప్రిల్ 11ను గుర్తుచేస్తాను. ఆ మధ్యాహ్నం సుమత్రాకు పడమరన 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెన్నైలో ఆఫీసులు ఖాళీ అయ్యాయి. మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉన్న ముసలావిడను కుర్చీతో సహా కిందికి దించాం. రెండు గంటల తరువాత 8.2 తీవ్రతతో మరొకటి. 2004ను చూసినవారెవరికీ ఆ సాయంత్రం సముద్రం వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. పెద్ద సునామీ మాత్రం రాలేదు. ఆ భూకంపం కందకం దగ్గర ఫలకాల ముఖం మీద వచ్చినది కాదు. కందకానికి ఇవతల, సముద్రపు ఫలకంలోనే నిలువు పగుళ్ల వెంట నేల పక్కలకు జరిగింది. నేల పక్కకు జరిగితే నీటిని పెద్దగా ఎత్తదు. వచ్చిన భూకంపం ఈ రెండింటిలో ఏ రకమో తరంగాలను బట్టే నిమిషాల్లో చెప్పవలసి ఉంటుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రంలో) 2007 అక్టోబరు నుంచి పనిచేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం, ముందుగానే లెక్కించి ఉంచిన వేల సందర్భాల్లో దగ్గరి దాన్ని ఎంచుకుని ఏ తీరానికి ఎంత నీరు వస్తుందో చెబుతుంది. ఆ లెక్కలకు పునాది ఫలకం ముఖం వాలు, లోతు, ఆకారం. అవి ఎంత తేటగా తెలిస్తే, ఏ ఊరిని ఖాళీ చేయించాలి, ఏ ఊరిని అనవసరంగా పరుగెత్తించకూడదు అన్నది అంత నమ్మకంగా చెప్పవచ్చు. నాలుగుసార్లు అనవసరంగా పరుగెత్తిన పల్లె ఐదోసారి కదలదు. కాశిమేడులో, పులికాట్ వైపు పల్లెల్లో నాకు తెలిసినవారే ఆ మాట అన్నారు.

అందుకు వెంటనే చేయదగిన పనులు ఉన్నాయి. చెన్నై నుంచి, ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కూ, అక్కడి నుంచి ఇతర దీవులకూ దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రపు ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఉంది; 2020 ఆగస్టు 10న దాన్ని ప్రారంభించారు. ఇంటర్నెట్ కోసం వేసినదే అయినా, అలాంటి తీగలోకి లేజర్ వెలుగును పంపి, అది వెనక్కి చెదిరి వచ్చే తీరును చూస్తే, తీగ పొడవునా ప్రతి కొన్ని మీటర్లకూ ఒక భూకంప యంత్రం పెట్టినట్టవుతుంది. కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో ఒక సముద్రపు కేబుల్‌తో దీన్ని చేసి చూపిన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. దూరపు కేబుళ్లలో మధ్యమధ్య ఉండే రిపీటర్లను, అంటే వెలుగుకు బలం పెంచే పెట్టెలను, దాటి ఈ పద్ధతి మామూలుగా పనిచేయదు గనుక, సాధారణంగా ఒడ్డు నుంచి మొదటి యాభై, వంద కిలోమీటర్లకే ఇది పరిమితం. దీవుల ఒడ్డు నుంచి ఆ వంద కిలోమీటర్లు దొరికినా చాలు, ఇప్పుడు లేని దిక్కు నుంచి మనకు చెవులు ఏర్పడతాయి. మొత్తం కేబుల్‌నే వాడుకునే మరో దారి కూడా ఉంది: లాస్ ఏంజెలెస్ నుంచి చిలీ దాకా ఉన్న కేబుల్‌లో నడుస్తున్న వెలుగులోని మార్పులను చూసి భూకంపాలను గుర్తించినట్టు 2021లో ఫలితాలు వెలువడ్డాయి. దానికి సముద్రంలో కొత్తగా దించవలసినది ఏమీ లేదు. వీటితోపాటు కందకానికి రెండు వైపులా కొన్ని పదుల ఓబీఎస్‌లను ఏడాదికి తక్కువ కాకుండా ఉంచి తీయాలి. హైదరాబాదులో 1961 నుంచి ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఈ పని తెలిసినవారు ఉన్నారు; వారికి ఓడ రోజులు కావాలి, తేలని పెట్టెల నష్టాన్ని భరించే నిధులు కావాలి.

ఇంకొకటి, ఇది నా తోటివారి తరఫున కూడా అడుగుతున్నాను. చమురు కోసం తూర్పు తీరంలో, అండమాన్ సముద్రంలో దశాబ్దాలుగా తీసిన సర్వే నమోదులు ఉన్నాయి. నిక్షేపాల జాడ బయటపడుతుందన్న భయంతో వాటిని దాచి ఉంచడం అర్థం చేసుకోగలను. ఏళ్లు గడిచి, చమురు వెతకడానికి తీసుకున్న ఆ సముద్ర బ్లాకులు వదిలేసిన తరువాత కూడా దాచడంలో అర్థం లేదు. అందులో మేము పనికిరానివని గుర్తుపెట్టిన షాట్లు కూడా చెరిపివేయకుండా పరిశోధకులకు ఇవ్వాలి.

మీ పత్రికను కోరేది రెండే విషయాలు. ఆ శీర్షిక వల్ల కలిగిన అభిప్రాయాన్ని సరిదిద్దుతూ నాలుగు వాక్యాలు వేయండి. అలాగే వచ్చే డిసెంబరులోపు, చెన్నై అండమాన్ కేబుల్‌ను భూకంప పరిశీలనకు వాడే ఆలోచన ఏ దశలో ఉందో సంబంధిత శాఖలను అడిగి, వచ్చిన సమాధానాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించండి.

ఆ రాత్రి లైను నంబరు, షాట్ నంబర్లు, మోత మొదలైన గంట, నిమిషం నా సొంత నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి. భూకంపాల జాబితాలతో వాటిని పోల్చి చూడదలచిన విద్యార్థులు గానీ, పరిశోధకులు గానీ ఉంటే, మీ కార్యాలయం ద్వారా నకలు పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
సముద్ర సర్వే ఉద్యోగం నుంచి విరమించిన ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై.